బీపీటీలో (ఫిజియోథెరపీ డిగ్రీలో) చేరాలనుంది, చదివినవాళ్లు చెప్పండి (శ్రీకాకుళం, విజయనగరం)

నరసన్నపేట అమ్మాయి:
ఇంటర్ బైపీసీ అయింది. ఫిజియోథెరపీ చదవాలని గట్టిగా ఉంది. మా తాతకి పక్షవాతం వచ్చాక ఒక ఫిజియో అక్క ఇంటికొచ్చి మూడు నెలలు చేయించింది. ఇప్పుడు తన చెంబు తనే పట్టుకుంటాడు. నాన్న మాత్రం "కాళ్లు పిసికే చదువుకి అన్నేళ్లా?" అంటున్నారు. ఏం చెప్పాలి?

రాగోలు రోడ్డు:
నాన్నగారికి ఇది చదివి వినిపించమ్మా. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉన్న మనిషి వచ్చాడనుకోండి. అది రక్తనాళంలో రక్తం గడ్డ కావచ్చు. అక్కడ పిసికితే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాణ్ని చెయ్యి వెయ్యకుండా డాక్టరు దగ్గరికి బేగి పంపాలి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఐఎఫ్‌టీ, అంటే నొప్పి తగ్గడానికి ఒంటి మీద ప్యాడ్లు అంటించి ఇచ్చే కరెంటు, పెట్టకూడదు. ఇవి తెలియడానికే అనాటమీ, ఫిజియాలజీతో మొదలెడతారు. మాకు నాలుగేళ్లు, పైన ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. ఫిజియోథెరపీ లాంటి వైద్య అనుబంధ కోర్సుల కోసం 2021 చట్టంతో వచ్చిన జాతీయ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త సిలబస్‌లో మొత్తం అయిదేళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశాల సంగతి ఈ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకో.

గాజులరేగ:
ఫీజు కంటే ముందు ఆసుపత్రి చూడు. నేను చేరిన కాలేజీకి పేషెంట్లు వచ్చేవారు కాదు. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటరు పెట్టి మా మోకాళ్లే మేం కొలుచుకునేవాళ్లం. ఇంటర్న్‌షిప్‌లో మొదటిసారి పక్షవాతం పెద్దాయన్ని కూర్చోబెట్టడానికి, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగబోయాను. సీనియర్ మేడం గబుక్కున ఆపారు. కండ పట్టు లేని భుజం అలా లాగితే కీలు జారుతుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. చేతికి మాత్రం రాలేదు. ఆ పెద్దాయన నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పలాస క్లినిక్:
పై మాట నిజం. ఇంకోటి, మన మనుషుల పని తెలియాలి. నా దగ్గరికి జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు మెడనొప్పి, నడుంనొప్పితో వస్తారు. "పని మానెయ్" అంటే రేపటి కూలి ఎవరిస్తారు? కూర్చునే పీట ఎత్తు మారుస్తాను, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యమంటాను. వ్యాయామం కాగితం మీద రాసిస్తే చదవలేనివాళ్లున్నారు. చేసి చూపించి, వాళ్లచేత చేయించి, "పది లెక్కపెట్టేదాకా బిగించి ఉంచప్పా" అని చెప్పాలి. మొదట్లో సంపాదన తక్కువ, అది దాచను. రెండేళ్లు ఇళ్లకి తిరిగి చేశాను.

నరసన్నపేట అమ్మాయి:
ఆ కాలి పిక్క వాపు సంగతి నాన్న రెండుసార్లు చదివించుకున్నారు. ఆదివారం ఒక కాలేజీ ఆసుపత్రి చూసొద్దామన్నారు.

గాజులరేగ:
ఆదివారం ఓపీ ఉండదమ్మా. సోమవారం పొద్దున వెళ్లండి. ఫిజియో గది బయట బెంచీ మీద గంట కూర్చుని, ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టుకోండి.