‘అటెయిండర్’ను తెలుగులో ఏమనాలి?

పెద్దలకు నమస్కారం. ఇంగ్లండు న్యాయచరిత్రపై ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్న నాకు పాత శిక్షాపదాల దగ్గర కలం సాగడం లేదు. తెలిసినవారు సాయం చేయగలరని మనవి.

అన్నిటికన్నా కష్టపెడుతున్నది ‘అటెయిండర్’. నేరం రుజువైందని జ్యూరీ తేల్చడం ‘కన్విక్షన్’ కాగా, ఆపైన మరణశిక్ష తీర్పు వెలువడగానే నేరస్థుడికి పట్టే స్థితి అటెయిండర్. అప్పటినుంచి చట్టం దృష్టిలో అతడు చచ్చినవాడితో సమానం. ఆస్తి జప్తవడమే కాక, ‘రక్తం చెడింది’ కనుక అతడి ద్వారా పిల్లలకు వారసత్వమూ దక్కేది కాదు. రాజద్రోహానికీ ఘోరనేరాలకూ ఈ పద్ధతిని 1870 నాటి చట్టం రద్దు చేసింది. ‘దోషనిర్ధారణ’ అంటే మొదటి దశలోనే ఆగిపోతాము, ‘పౌరమరణం’ అంటే వంశానికి తగిలే దెబ్బ కనిపించదు, ‘కళంకితుడు’ అంటే వట్టి నిందలా వినిపిస్తుంది.

రెండవది ‘బెనిఫిట్ ఆఫ్ క్లెర్జీ’. మొదట మతాచార్యులకే ఉన్న ఈ మినహాయింపు క్రమంగా చదువు వచ్చిన మగవారికీ వర్తించింది. సాధారణంగా బైబిలులోని 51వ కీర్తన మొదటి వచనం చదివి వినిపిస్తే చాలు, ఉరి తప్పేది. 1598లో ద్వంద్వయుద్ధంలో ఒక నటుణ్ణి చంపిన నాటకకర్త బెన్ జాన్సన్ ఇలాగే బొటనవేలిపై వాతతో బయటపడ్డాడు. అందుకే ‘మతాచార్యుల మినహాయింపు’ అనడానికి నాకు మనసొప్పడం లేదు.

‘ట్రాన్స్‌పోర్టేషన్’కు ‘ద్వీపాంతరవాసం’ అనే చక్కటి మాట మనకు ఎప్పటినుంచో ఉంది. పై రెండింటికీ అలాంటి మాటలు పాత న్యాయనిఘంటువుల్లో గానీ కోర్టు వాడుకలో గానీ మీకు తారసపడ్డాయా?