రెల్ 9లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7: స్కానర్‌ని నమ్మాలా, ఆర్‌పీఎంని నమ్మాలా?

కిట్టు_సర్వర్
లోపాలు వెతికే స్కానర్‌లో మా రెల్ 9 (రెడ్‌హ్యాట్ లినక్స్) సర్వర్లన్నిటి మీదా సీవీఈ-2024-6387 అని ఎర్రగా వచ్చింది. సీవీఈ అంటే భద్రతా లోపానికిచ్చే నంబరు, ఇది దూరం నుంచి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోని లోపం. ఆధారమల్లా 22వ పోర్టు బ్యానర్‌లో (కనెక్ట్ కాగానే సర్వర్ చెప్పే వెర్షన్ వరుసలో) ఉన్న 8.7 ఒక్కటే. 8.5పీ1 నుంచి 9.8పీ1 లోపువన్నీ చెడ్డవే అని స్కానర్ లెక్క. రెడ్‌హ్యాట్ ఆ ఫిక్స్‌ని వెర్షన్ మార్చకుండా 2024 జూలైలోనే 8.7పీ1-38.ఈఎల్9_4.1 ప్యాకేజీలో పెట్టింది. బ్యానర్ మాత్రం మారదు. ఇది ఫాల్స్ పాజిటివ్ (లేని లోపాన్ని ఉందనడం) అంటే ఆడిట్ వాళ్లు వినరు!

ఆడిట్_ఆచారి
రుజువు లేకుండా ఎలా వింటారు? 9.8 ఎక్కించేయండి, గొడవ వదులుతుంది.

కిట్టు_సర్వర్
సోర్స్ నుంచి కట్టి ఎక్కిస్తే సపోర్టు పోతుంది, ఆపై వచ్చే ప్రతి సీవీఈకీ మనమే కాపలా. రుజువా? ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీకి ఆర్‌పీఎం (రెడ్‌హ్యాట్ ప్యాకేజీల కమాండ్)తో చేంజ్‌లాగ్ తీసి 6387 అని గ్రెప్ కొట్టండి, అంటే వెతకండి.

ఉమ_ఉబుంటు
మా ఉబుంటు 22.04 బ్యానర్‌లో 3ఉబుంటు0.10 అని ప్యాకేజీ నంబరే కనిపిస్తుంది. ఈ తలనొప్పి మీదే :)

ఆడిట్_ఆచారి
గ్రెప్ రుజువు కాదండీ. రెల్ 8లో ఉన్నది 8.0పీ1, ఈ బగ్ దానికి లేనే లేదు, గ్రెప్ ఖాళీగా వస్తుంది. అంటే ప్యాచ్ పడలేదని రాసుకోవాలా? పైగా ఆర్‌పీఎం చెప్పేది డిస్కు మీది సంగతి. మెమరీలో నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం) పాతదైతే? ప్రాక్‌లో దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) కింద ఈఎక్స్‌ఈ లింకు చివర 'డిలీటెడ్' అని ఉంటే రీస్టార్ట్ కానట్టే. ఇంకోటి, సీవీఈ-2024-6409 గుర్తుందా? అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కోడ్‌లో లేదు, రెడ్‌హ్యాట్ అతికించిన ఆడిట్ ప్యాచ్ వల్ల వచ్చింది.

సన్నీ
లాగిన్‌గ్రేస్‌టైమ్ 0 పెడితే, అంటే లాగిన్ గడువే తీసేస్తే పోలా?

పద్మ_ప్యాచ్
6387కి మూలమైన రేస్ (గడువు తీరిన క్షణంలో రెండు పనులు ఢీకొనడం) పోతుంది. లాగిన్ కాని కనెక్షన్లు కదలకుండా కూర్చుని మాక్స్‌స్టార్టప్స్ (అలాంటి కనెక్షన్ల పరిమితి) నిండుతుంది, అప్పుడు మీరే లోపలికి వెళ్లలేరు.

కిట్టు_సర్వర్
ఆచారి గారూ, 6409ని మీ బ్యానర్ స్కాన్ పట్టేదా? ఫిక్స్‌కి ముందూ 8.7, తర్వాతా 8.7. గుడ్డి స్కాన్ చేసి మమ్మల్ని నిలదీయడం ఏంటి?

ఆడిట్_ఆచారి
గుడ్డిగా చేయించేది ఎవరు? క్రెడెన్షియల్ స్కాన్ (సర్వర్‌లోకి లాగిన్ అయి చేసేది) పెడితే ప్యాకేజీ రిలీజ్ నంబరు తీసుకుని ఓవల్‌తో (ఏ ప్యాకేజీలో ఏ లోపముందో చెప్పే డేటాతో) పోలుస్తుంది. అకౌంటు ఇవ్వనిది మీలాంటి వాళ్లే.

కిట్టు_సర్వర్
ఇవ్వను! పాస్‌వర్డ్ అడగని సుడో (రూట్ అధికారం)తో అన్ని సర్వర్లకీ ఒకే అకౌంటు, దాని కీ స్కానర్ డబ్బాలో. అది చేతికి చిక్కితే 6387తో ఎవడికి పని?

పద్మ_ప్యాచ్
ఆర్‌పీఎం జాబితాకి రూట్ ఎందుకు? మామూలు యూజర్ ఇచ్చి, ఆథరైజ్డ్ కీస్‌లో ఫ్రమ్ అని స్కానర్ ఐపీ కట్టేయండి, ఆ కీ వేరే చోటి నుంచి పనిచేయదు. ఈఎక్స్‌ఈ లింకు చూడటానికే రూట్ కావాలి. లేదా సర్వర్ మీదే ఓపెన్‌స్కాప్ (ఓవల్ చదివే స్కానర్) నడిపి రిపోర్టు పంపండి.

ఆడిట్_ఆచారి
రెండోది కుదరదు. ఎవరి పేపరు వాళ్లే దిద్దుకున్నట్టు.

కిట్టు_సర్వర్
సుడో లేని అకౌంటుకి సరే. రీస్టార్ట్ రుజువు క్రాన్‌లో (షెడ్యూల్ పెట్టి) తీసి మేమే పంపుతాం. ఈలోగా ఆడిట్ నుంచి ఎక్సెప్షన్ (మినహాయింపు) 90 రోజులకి ఇప్పించాలి.

ఆడిట్_ఆచారి
30.