ఒకే పద్ధతి, రెండు సెక్షన్లు, రెండు ఫలితాలు: చర్యా పరిశోధన నివేదికలో ఏమని రాయాలి?

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని):
మా నాలుగో తరగతిలో 52 నుంచి 27 తీసివేయమంటే చాలామంది 35 అని రాస్తున్నారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తున్నారు. పిల్లలను నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, మూడు వారాలు పదేసి అగ్గిపుల్లల కట్టలతో చేయించాను. ఎ సెక్షన్‌లో ఈ తప్పు దాదాపు పోయింది. బి సెక్షన్‌లో ఎక్కడిదక్కడే ఉంది. ఇది నా చర్యా పరిశోధన, అంటే టీచరు తన తరగతి సమస్యకు తానే ఒక మార్గం ప్రయత్నించి, ఫలితం చూసి సరిదిద్దుకునే పరిశోధన. దాని నివేదికలో రెండింటికీ కలిపి సగటు కట్టి, పద్ధతి ఫలించిందని రాయడానికి మనసొప్పడం లేదు. ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకునే భాగాలున్న చోట చిన్న తేడా కూడా ఫలితాన్ని బాగా మార్చగలదనే సంక్లిష్టతా సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుందా?

జవాబు 1 (బి.ఎడ్. కళాశాల అధ్యాపకుడు):
పనికొస్తుంది మేడమ్. 1961లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లొరెంజ్ కంప్యూటర్‌లో నడిపే తన వాతావరణ నమూనాకు 0.506127 బదులు 0.506 అని ఇస్తే, కాసేపటికి లెక్క మొత్తం వేరే దారి పట్టింది. తరగతిలోనైతే పిల్లలు ఒకరిని చూసి ఒకరు మారుతూ ఉంటారు కూడా, కనుక ఒకే పద్ధతి రెండు గదుల్లో ఒకేలా పనిచేయాలని లేదు. సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1946లో చర్యా పరిశోధనను ప్రణాళిక, ఆచరణ, ఫలిత పరిశీలనల వరుస చక్రాలుగా చెప్పింది ఇందుకే సరిపోతుంది: మొదటి చక్రం తడబడిన చోటే రెండోది మొదలుకావాలి. మన రికార్డుల్లో ఒక్క చక్రానికే బైండింగ్ అయిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

జవాబు 2 (ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు):
అధ్యాపకుల వారితో సగమే ఏకీభవిస్తాను. లొరెంజ్ దగ్గర సమీకరణాలున్నాయి, మన దగ్గర లేవు. 'తరగతి సంక్లిష్టమైనది' అనే మాట ఏ వైఫల్యానికైనా అతుకుతుంది కనుక, అది దేన్నీ వివరించదు. ఆ సిద్ధాంతం వల్ల మనకు ప్రయోజనం ఒక్కటే: సగటును వదిలి పిల్లల మధ్య ఏం జరుగుతోందో చూడమంటుంది. పుల్లలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎవరు ఎవరికి చెప్పారు? నోటు పుస్తకాలు జట్లవారీగా పేర్చి చూడండమ్మా.

ప్రశ్న అడిగినవారు:
చూశాను సార్. బి సెక్షన్‌లో ఒక్కో జట్టులో నలుగురివీ ఒకే తప్పులు, ఒక జట్టులోనైతే కొట్టివేతలు కూడా ఒకేచోట ఉన్నాయి. అంటే ఒకరు చేశారు, ముగ్గురు ఎక్కించుకున్నారు. ఎ సెక్షన్‌లో కట్ట విప్పడం వంతులవారీగా సాగింది. అది నేను పెట్టిన నియమం కాదు, ఒక పాప "నా వంతు" అని పట్టుబట్టాక మిగతా జట్లూ అందుకున్నాయి. సోమవారం నుంచి బి సెక్షన్‌లోనూ వంతులు పెడతాను. పిల్లలు తెచ్చుకున్న నియమం టీచరు పెడితే అలాగే పనిచేస్తుందా అన్నదే రెండో చక్రంలో నా ప్రశ్న.