వ్యాన్‌లో చిన్న గ్యాస్ బండ: నింపించుకునేదా, మార్చుకునేదా?

అనంత_బాటసారి (అనంతపురం):
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాల. మా చిన్నాయన పాత టెంపో ట్రావెలర్ కొన్యాడు. వెనక సీట్లు పీకేసి పరుపు, పొయ్యి గూడు, నీళ్ల డ్రమ్ము పెట్టించినాం. సంక్రాంతి అయినాక పదహైదు దినాలు గండికోట, అహోబిలం, శ్రీశైలం, మంత్రాలయం, ఆడ్నుంచి హంపి. వంట మాదే. మా వీధిలో పొయ్యిల రిపేరు అంగడాయన ఐదు కిలోల బండ ఇస్తా, అయిపోతే యాడైనా నింపించుకోండి అంటాండాడు. దానిమీద ఏ కంపెనీ పేరూ లేదు. చిన్నాయనేమో ఇండేన్ కంపెనీ ఐదు కిలోల చిన్న బండ, ఛోటూ, తీసుకుందాం, ఖాళీ ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు అంటాడు. ఏది మేలు?

నల్లమల_బండి (కర్నూలు):
నింపించుకునేదే. రెండో మాట లేదు. ఎనిమిదేండ్లుగా శబరిమలకు స్వాములను తీస్కపోతాండా, వంట సామాను నా బండిలోనే. ఛోటూ అయిపోతే అదే కంపెనీ బంకో, ఏజెన్సీనో వెతుక్కోవాల. గండికోటలో ఎవరు మారుస్తారు? జమ్మలమడుగుకు రావాల. అహోబిలంలో అయిపోతే ఆళ్లగడ్డ. ఆదివారమైతే ఆడ ఏజెన్సీ గూడా మూతే. రిపేరు అంగడి లేని ఊరు మాత్రం లేదు. పైగా నా కండ్ల ముందర కాటా మీద పెట్టి పడతారు. కంపెనీ బండ లోపల ఎంత ఉండాదో నీకెట్ల తెలుస్తాది?

ఒక్క_ముక్క:
ముందు సీట్లు పీకిన సంగతి ఆర్టీవో ఆఫీసులో ఆర్సీలో రాయించుకున్నారా లేదా?

పొయ్యిల_మామ (కడప):
అనంతపురం పిల్లోడా, ఆ పేరు లేని బండను ముట్టుకోవద్దు. ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాస్ పట్టడం చట్టప్రకారం నేరం, అది పక్కన పెట్టు. అసలు సంగతి వేరే. ఇంట్లో పెద్ద బండ ఉందే, దానిలో నీళ్లు పోస్తే 33 లీటర్ల పైన పడతాయి. కంపెనీ పట్టేది 14.2 కిలోలే. అది ద్రవంగా 26 లీటర్ల చిల్లర. మిగతా జాగా ఎందుకు వదిలినారు? ఎండకు గ్యాస్ ఉబ్బుతాది కాబట్టి. ఆ జాగా లేకుంటే ద్రవం బండ గోడల్ని తోస్తాది. మన సీమలో ఏప్రిల్, మే ఎండల్లో తలుపులేసిన వ్యాన్ లోపల ఎంత కాగుతాదో చెప్పాల్నా? అంగట్లో పట్టేటోనికి ఆ జాగా లెక్క ఉండదు. పట్టించుకునేటోడు "నిండా పట్టన్నా" అంటాడు, వాడు పడతాడు.

నల్లమల_బండి (కర్నూలు):
సంక్రాంతికి పోతాండా అంటే మే ఎండ గురించి చెప్తావేంది మామా? చెప్పినా గదా, కాటా మీద పెట్టి పడతారని. ఐదు కిలోలు అంటే ఐదు కిలోలే. కాటా అబద్ధం చెప్తాదా?

పొయ్యిల_మామ (కడప):
కాటా మొత్తం బరువు చెప్తాది. దాన్లో ఖాళీ బండ బరువెంత? కంపెనీ బండ మీద ఖాళీ బరువు కొట్టింటారు. పైన పట్టీల లోపలివైపు ఏ, బి, సి, డి అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాది. డి-27 అంటే 2027 అక్టోబరు నుంచి డిసెంబరు లోపల మళ్లా పరీక్ష చేయాలని. నీ పేరులేని బండ మీద ఏముంది? ఎర్ర రంగు.

లీడ్స్‌లో_సీమోడు:
మాది తాడిపత్రి దగ్గర, ఉండేది ఇంగ్లండులో. ఈడ మోటర్‌హోం తోలేటోళ్లు చానామంది నింపుకునే బండలే వాడతారు. కార్లకు గ్యాస్ పట్టే బంకులో మనమే పట్టుకోవచ్చు. బండ లోపల వాల్వ్ ఉంటాది, 80 శాతం రాగానే అదే ఆపేస్తాది. ఖాళీ ఇచ్చి మార్చుకునే బండకంటే కిలో చవక పడతాది. కష్టం ఎక్కడంటే, బ్రిటన్ దాటి యూరప్‌లోకి పోతే పైపు నోరు కలవదు. బ్రిటన్‌ది ఒక తరహా, జర్మనీలో మర తిప్పేది, ఫ్రాన్స్, ఇటలీలో ఇంకోటి. అడాప్టర్లన్నీ సంచిలో ఏసుకోవాల. చలికాలం బ్యూటేన్ గ్యాస్ పనికిరాదు, సున్నా దగ్గరే ఆవిరి కావడం మానేస్తాది. అందుకే ప్రొపేన్.

నల్లమల_బండి (కర్నూలు):
చూసినారా! తెల్లోళ్లు నింపుకుంటే తెలివి, మనం నింపుకుంటే నేరం.

లీడ్స్‌లో_సీమోడు:
అన్నా, నేను చెప్పింది ఆ 80 శాతం వాల్వ్ గురించి. మన రిపేరు అంగట్లో బండకు అది లేదు.

నల్లమల_బండి (కర్నూలు):
వాల్వ్ లేకపోతే ఏమి, కాటా ఉంది గదా.

లెక్కల_సారు:
ఇంట్లో పెద్ద బర్నరు నిండు మంట మీద గంటకు ఇంచుమించు 160 గ్రాములు కాలుస్తాది. దినానికి రెండు గంటలు వండినా పదహైదు దినాలకు ఐదు కిలోల లోపలే. రెండు బండలు ఏసుకుంటే దారిలో నింపే పనీ లేదు, మార్చే పనీ లేదు. ఇంక కొట్లాట దేనికి?

పెన్నఒడ్డు_శీను:
2023 ఆగస్టులో మదురైలో నిలబెట్టిన రైలు పెట్టె యాత్రికులు తెచ్చుకున్న సిలిండరుతో అంటుకుని తొమ్మిది మంది పోయినారు. టీ కోసం. అది గుర్తు పెట్టుకోండి.

కల్లూరు_రాజు:
2025 అక్టోబరులో కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు కాలింది చూసినాక గూడా బండిలో గ్యాస్ అంటాండారంటే మీకు దండం.

నల్లమల_బండి (కర్నూలు):
ఆ బస్సులో గ్యాస్ బండ లేదు రాజూ. ఏది యాడికి అతికిస్తావు? నేను ఉన్నమాట చెప్తా వినండి. మూడేండ్ల కిందట మా ఇంటికి ఏజెన్సీ బండ వచ్చింది, సీలుతోనే. అనుమానమొచ్చి పక్కన పప్పుల అంగట్లో కాటా మీద పెట్టినా. రెండు కిలోలు తక్కువ! ఏజెన్సీకి పోయి అడిగితే ఆడ కూర్చున్న మనిషి "దారిలో ఆవిరైపోయింటాది" అన్యాడు. నలుగురిలో నవ్వినారు. ఆ పొద్దు నుంచి కంపెనీ బండ అంటే నాకు పడదు. చిన్న అంగడోడు మోసం చేస్తే కాలరు పట్టుకోవచ్చు. వాళ్లను ఏం పట్టుకుంటాం?

పొయ్యిల_మామ (కడప):
తూకం తక్కువైతే డబ్బు పోతాది. తూకం ఎక్కువైతే మనిషి పోతాడు. రెండిటికీ ఒకటే కాటా చూపిస్తావేం?

నల్లమల_బండి (కర్నూలు):
బో చెప్తాండావులే. నీ పేరే పొయ్యిల మామ. నువ్వు పట్టలేదా చిన్న బండలు? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. ఇరవై ఏండ్లు అదే అన్నం తిని, ఇప్పుడు ముసలితనంలో పిల్లోళ్లకు నీతులు.

మోడరేటర్:
వయసు గురించి వద్దు. సామరస్యంగా మాట్లాడండి.

పొయ్యిల_మామ (కడప):
ఉండనీ మోడరేటరూ, అడిగినాడు, చెప్తా. పట్టినా. దినానికి పది బండలు పట్టిన పొద్దులుండాయి. 2011 మే నెల. ఒక వ్యాన్ రాయచోటి మీద తిరుపతికి పోతాంది. కాటా ఐదు చూపించగానే ఆపినా. "దారిలో దొరకదు మామా, ఇంకో అర కిలో పట్టు" అన్యారు. పట్టినా. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పైన టీకి ఆపినారంట. ఎండలో బండి నిలబెట్టింటే బండ మూతి కాడ బుస్సుమని మొదలైంది. ఎత్తి బయటికి ఇసరబోతే అంటుకుంది. మనుషులు బతికినారు. డ్రైవరు కుడి చేతి వేళ్లు ఈ పొద్దుకూ సాగవు. ఆ డ్రైవరు మా బామ్మర్ది. నా కాటా ఆ పొద్దు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పినా. అంగడి మూసి టీ బంకు పెట్టుకున్నా. చాలా?

(దీని తర్వాత నాలుగు గంటలు ఎవ్వరూ ఏమీ రాయలేదు.)

నల్లమల_బండి (కర్నూలు):
మామా, తప్పుగా మాట్లాడినా, ఏమనుకోవద్దు. కానీ నేనూ ఒకటి దాచినా. పాత బస్టాండు దగ్గర, బండ పట్టించుకోమని నేను అందరికీ చెప్పే రిపేరు అంగడి మా తమ్మునిది. పొయ్యి రిపేర్లతో ఇల్లు గడవదు, ఇప్పుడు ఎవరూ పొయ్యి బాగుచేయించుకోరు, కొత్తది కొంటారు. బండలు పట్టడమే వాని కూడు. మీరంతా ఛోటూ ఛోటూ అంటే నాకు వాని మొగం కనపడతాది. నువ్వైతే టీ బంకు పెట్టుకున్నావు. వానికి ముగ్గురు పిల్లలు.

పొయ్యిల_మామ (కడప):
అది నాకు తెలీని కష్టమా? కానీ ఆ పిల్లోడు అడిగింది మీ తమ్ముని సంసారం గురించి కాదు గదప్పా.

తాడిపత్రి_కోడలు:
మీ తమ్ముళ్లు, బామ్మర్దులు సరే. ఈ వ్యాన్‌లో వండేది ఎవరు? చిన్నాయనా? పోయిన ఏడు మహానందికి పోతా మా ఆయన వాన పడతాందని తలుపులన్నీ ఏసేసినాడు, నేను లోపల ఉప్మా చేస్తాండా. పొయ్యి ఆరిపోయింది, ఎవరూ చూసుకోలేదు. వాసన నాకు రాలేదు, కింద పరుపు మీద పండుకున్న మా పాపకు వచ్చింది. గ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటాది. పిల్లోళ్లు పండుకునేది ఆడే. అందుకే నింపినదైనా, మార్చినదైనా పొయ్యి బయట దించి వండండి. పండుకునే ముందు బండ దగ్గరే కట్టేయండి, పొయ్యి చెవి తిప్పితే చాలదు. పైపు పాతదైతే ముందు అది మార్చండి. శ్రీశైలం అడవిలో మాత్రం ఆపి పొయ్యి ముట్టించొద్దు, మంట పెట్టనివ్వరు. దోర్నాల గేటు గూడా రాత్రి 9కి మూస్తారు, ముందే తినేసి పోండి.

లెక్కల_సారు:
నా లెక్క ఎవరన్నా చదివినారా?

అనంత_బాటసారి (అనంతపురం):
చదివినాం సార్. అందరికీ దండాలు. చిన్నాయన మాటే నెగ్గింది. రెండు ఛోటూలు తెచ్చినాం, అడ్రసు కాగితం అడగలేదు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చినారు. పొయ్యి గూడు పీకేసి, బయట దించుకునేటట్టు బల్ల చేయిస్తాండాం.

నల్లమల_బండి (కర్నూలు):
మంచిది. కాటా మీద పెట్టి చూసినావా? ఎంత తక్కువుందో ఈడ రాయి.

పొయ్యిల_మామ (కడప):
పెట్టు నాయనా. దానిమీద ఖాళీ బరువు కొట్టింటారు, తీసేసుకోడానికి.