టైరు చేసిన గాడికి నష్టం లెక్క కట్టేదెలా?

సీమవాసి:
2018 జనవరిలో పెరూలో ఒక లారీ హైవే దిగి నాజ్కా గీతల మీదికి, అంటే ఎడారి నేల మీద పూర్వకాలంలో వేసిన పెద్ద పెద్ద బొమ్మల మీదికి పోయింది. సుమారు 50 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు మేర టైరు గాడులు పడ్డాయి. మూడు బొమ్మల్లో కొంత భాగం చెడింది. ఇలాంటప్పుడు నష్టమంటే బాగుచేయించడానికయ్యే ఖర్చే అంటాను. మిగతావన్నీ ఊహాలెక్కలు.

తవ్వకాలబ్బాయి:
కాదండీ. అక్కడ గీతలు చెక్కినవి కావు. పైనున్న ముదురు రంగు రాళ్లు తీసి పక్కన పెడితే కింద లేతరంగు నేల కనిపిస్తుంది, అంతే. వాన దాదాపు పడదు కాబట్టి సుమారు రెండు వేల ఏళ్లు నిలిచాయి. టైరు గాడి కూడా ఆ కారణంగానే చెరగదు! రాళ్లు సర్దడం నాలుగు రోజుల కూలి పని. ఏ రాయి ఎక్కడుండేదో ఎవరు చెప్తారు? అమెరికాలో పురావస్తువుల రక్షణకు తెచ్చిన 1979 చట్టం కింద మరమ్మతు ఖర్చుతో పాటు 'పురావస్తు విలువ' కూడా కడతారు. చెడకముందే ఆ చోటును పద్ధతిగా పరిశోధించి ఉంటే ఎంతయ్యేదో, ఆ మొత్తం.

లారీవాడి కొడుకు:
టైరు తేడా చేస్తే పక్కకు దిగకుండా నడిరోడ్డు మీద ఆపాలా? కావాలని చేశాడనడానికి ఆధారం లేదని ఆ డ్రైవర్‌ను జడ్జి కూడా వదిలేశారు. అసలు ఆ హైవేనే బల్లి బొమ్మను రెండు ముక్కలు చేస్తూ వేశారు. దానికెవరు లెక్క కట్టారు? దొరికేది మా నాన్నలాంటి వాళ్లే.

తవ్వకాలబ్బాయి:
బల్లి సంగతి నిజమే అన్నా, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తప్పెవరిదన్నది వేరు, ఎంత పోయిందన్నది వేరు. శిక్ష వేయకపోయినా సరే, పోయిందేమిటో ముందు కాగితం మీద ఉండాలి. మన దేశంలో పురాతన కట్టడాల రక్షణకున్న 1958 చట్టంలో, 2010 సవరణ తర్వాత కూడా, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా లక్ష దాకానే. చిన్న గీత పడినా, గోడ కూలినా అదే లక్ష.

సీమవాసి:
విలువ కట్టేదీ మీ పురావస్తువాళ్లే కదా, ఎంతైనా రాసుకోవచ్చు. ఆ అనుమానం నాకు పోలేదు. కాకపోతే మా ఊరి పక్కన బూడిదదిబ్బ ఒకటుంది, కొత్తరాతియుగంలో పశువుల పేడ కాలి పోగైన దిబ్బ. ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఒక వైపు బాటే పడిపోయింది. మరమ్మతు అంటే అక్కడేం చేస్తారు? మళ్లీ బూడిద పోస్తారా? నా లెక్క అక్కడ పనిచేయట్లేదు.

తవ్వకాలబ్బాయి:
దిబ్బ కొలతలు పాతవేమైనా ఉన్నాయా?

సీమవాసి:
మాకు తెలిసి ఎవరూ తీయలేదు.

తవ్వకాలబ్బాయి:
వానలు మొదలయ్యేలోపు ఫోన్‌తోనైనా ఫోటోలు తీసిపెట్టండి. గాడి పక్కన స్కేలు ఉంచి తీయండి, ఎంత వెడల్పో తెలుస్తుంది. గాడిలోకి మాత్రం దిగొద్దు.