యూకేలో ఏ2 లైసెన్స్: బైక్ పవర్ తగ్గించిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలా?

ఖమ్మం కుర్రాడు:
అన్నలూ, ఒక డౌట్. లెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్నా, వయసు 21. ఊళ్లో పల్సర్ నడిపినోడినే, కానీ ఇక్కడ 24 నిండలేదు కాబట్టి ఏ2 లైసెన్సే ఇచ్చారు, అంటే 35 కిలోవాట్లు దాటని బైకులకే. సెకండ్ హ్యాండ్‌లో యమహా ఎంటీ-07 ఒకటి చూశా. డీలర్ రెస్ట్రిక్టర్ వేసి 35 కిలోవాట్లకు దించి ఇస్తానంటున్నాడు. ఆన్‌లైన్లో ఇన్సూరెన్స్ కోట్ (ప్రీమియం ఎంతో) తీస్తుంటే బైక్‌కు మార్పులేమైనా చేశారా అని అడుగుతోంది. అవునని నొక్కితే సైలెన్సర్, హ్యాండిల్‌బార్, పెయింట్ అంటూ చాంతాడంత లిస్టు వస్తోంది, రెస్ట్రిక్టర్ మాత్రం లేదు. మా రూమ్మేటేమో 'పవర్ పెంచితే చెప్పాలి గానీ తగ్గిస్తే వాళ్లకేం నష్టం, లేదు అని కొట్టెయ్' అంటున్నాడు. ప్రీమియం చూస్తే ఇప్పటికే కళ్లు తిరుగుతున్నాయి. ఏం చేయమంటారు?

బర్మింగ్‌హామ్ బుల్లోడు:
నేను లేదనే పెట్టా బ్రో. ఇంతవరకు ఏమీ కాలేదు. క్లెయిమ్ చేసే పని పడలేదనుకో.

కోవెంట్రీ బాబాయ్:
క్లెయిమ్ చేయనంత కాలం ప్రతి పాలసీ బ్రహ్మాండంగానే ఉంటుంది నాయనా.

ఖమ్మం తమ్ముడూ, మీ రూమ్మేట్ అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. పవర్ తగ్గించారని ప్రీమియం పెంచిన కంపెనీని నేనైతే చూడలేదు. చిక్కు ఇంకోచోట ఉంది. నీ బండి నంబర్ కొట్టగానే వాళ్లకు కనపడేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంటీ-07, అంటే దాదాపు 55 కిలోవాట్లు. పక్కనే నీ లైసెన్స్ ఏ2. రెండూ పొసగవు. రేపు ఏదైనా జరిగితే 'ఈ బండికి నీ లైసెన్స్ చాలదు' అన్న దగ్గరే మొదలుపెడతారు. కాదని నిరూపించుకునే పని నీ మీద పడుతుంది.

లైసెన్స్ చాలని బండి నడిపితే ఇన్సూరెన్స్ లేనట్టే లెక్క. దానికి మామూలుగా 300 పౌండ్ల ఫైను, లైసెన్స్ మీద 6 పెనాల్టీ పాయింట్లు. ఇక్కడ టెస్ట్ పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, మళ్లీ థియరీ నుంచి మొదలు.

ఇక చట్టం సంగతి. 2012లో వచ్చిన చట్టం ప్రకారం వాళ్లు అడిగినదానికి జాగ్రత్తగా, నిజం చెప్పాలి. అడగనిదాన్ని నువ్వే ఊహించుకుని చెప్పనక్కర్లేదు. నిన్ను మార్పుల గురించి అడిగారుగా, మరి రెస్ట్రిక్టర్ మార్పే. పొరపాటున చెప్పలేదని తేలితే క్లెయిమ్‌లో కోత పెట్టొచ్చు: 1,000 పౌండ్లు కట్టాల్సిన చోట 800 కట్టి ఉంటే 80 శాతమే ఇస్తారు. కావాలని దాచావని తేలితే పాలసీనే రద్దు చేసి, కట్టిన డబ్బు కూడా ఉంచేసుకోవచ్చు. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంటుంది. 'ఇంతకుముందు ఎవరైనా మీ పాలసీ రద్దు చేశారా' అని ఆపైన ప్రతి కంపెనీ అడుగుతుంది, రేపు కారు కొన్నా సరే.

మా పెదనాన్న కొడుకు బండి దొంగలు ఎత్తుకెళ్లినప్పుడు చూశా. రెస్ట్రిక్టర్ వేయించాడు, కానీ కాగితం లేదు. బండే లేదు, ఇక ఏది విప్పి చూపిస్తాడు? నెలల తరబడి మెయిళ్లే మెయిళ్లు. కాబట్టి డీలర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకో. అందులో ఛాసిస్ నంబర్, 35 కిలోవాట్లు, వేసిన తేదీ, వేసినవాళ్ల స్టాంపు ఉండాలి. వేస్తున్నప్పుడు పక్కనే నిలబడి ఫోటో తీసుకో. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా అడ్డుపడే చిన్న ముక్క అది, మన బొటనవేలంత కూడా ఉండదు.

కంప్యూటర్లో ఆప్షన్ లేకపోతే కొనేముందే ఫోన్ చెయ్. ఏ2, 35 కిలోవాట్లు, సర్టిఫికెట్ ఉంది అని చెప్పి, మెయిల్‌లో రాసి పంపమను. నోటిమాట నమ్మొద్దు.

డెర్బీ చెల్లి:
ఈ తలనొప్పంతా ఎందుకు అనుకుంటే మన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 చూడండి. కంపెనీ నుంచే 47 బీహెచ్‌పీ, అంటే అదే 35 కిలోవాట్లు, ఏ2కి ఏ రెస్ట్రిక్టరూ అక్కర్లేదు. నాది అదే. బరువు మాత్రం 200 కిలోలు దాటుతుంది, ఇరుకు పార్కింగ్‌లో వెనక్కి తోయాలంటే దేవుడు కనిపిస్తాడు.

బర్మింగ్‌హామ్ బుల్లోడు:
బాబాయ్, మరి పవర్ పరిమితి లేని ఫుల్ 'ఏ' లైసెన్స్ వచ్చాక ఆ ముక్క తీసేస్తే?

కోవెంట్రీ బాబాయ్:
తీసేముందే చెప్పాలి, తీశాక కాదు. అప్పుడు ప్రీమియం పెరిగినా పెరగొచ్చు. నువ్వు ముందు ఇప్పటి సంగతి సరిచేసుకో, రేపే ఫోన్ చెయ్.

ఖమ్మం కుర్రాడు:
థాంక్స్ బాబాయ్. బండి తీసుకున్నా. ముందే ఫోన్ చేశా, సర్టిఫికెట్ కాపీ అడిగారు అంతే, రేటు పైసా పెరగలేదు. మెయిల్ కూడా వచ్చింది.

కోవెంట్రీ బాబాయ్:
మంచిది. మెయిల్‌లో అంకె ఒకసారి చూసుకో. 2013 జనవరికి ముందు రూలు 33 బీహెచ్‌పీ ఉండేది, కొందరు ఇప్పటికీ అలవాటుగా అదే కొట్టేస్తారు. నీది 47 ఉండాలి.

ఖమ్మం కుర్రాడు:
33 అనే ఉంది బాబాయ్! లైన్లో ఉన్నా, ఇంకా పాటే వినిపిస్తున్నారు.