అప్‌డేట్: యాట్‌ను గన్‌బోట్‌గా మారిస్తే బరువు ఎక్కడ దెబ్బతీస్తుంది?

షికారు కోసం కట్టిన యాట్ మీద ఫిరంగులు, డెప్త్ చార్జీలు (సబ్‌మెరైన్ల మీదకు వదిలే, నీటి అడుగున పేలే బాంబులు) ఎక్కిస్తే ఏమవుతుందని ఇంతకుముందు అడిగాను. అమెరికా కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ గారి యాట్ 'ఆల్వా'ను పట్టుకుని చూస్తే చాలావరకు తేలింది. 1931లో జర్మనీలోని కీల్ నగరంలో కట్టిన డీజిల్ యాట్ అది. 1941 నవంబరులో అమెరికా నేవీకి ఇచ్చేశాక 'ప్లిమత్' అనే గన్‌బోట్ అయింది.

అసలు చిక్కు పైబరువు. ఫిరంగి కింద డెక్‌కు ఉక్కు పలకలు, నిలువు స్తంభాలు వేసి కాల్పుల కుదుపును ఫ్రేముల (ఓడ పక్కటెముకల్లాంటి చట్రం) దాకా దించాలి, లేకపోతే డెక్ కుంగుతుంది. మార్క్ 6 డెప్త్ చార్జ్ ఒక్కోటి 420 పౌండ్లు, అందులో టీఎన్‌టీయే 300. వెనక పట్టాల మీద వరుసగా పేరిస్తే ఓడ వెనక్కి వాలుతుంది. అందుకే పైనున్న బరువులు తీసేసి, అడుగున బ్యాలస్ట్ (ఓడ నిలకడ కోసం వేసే బరువు) సర్దాలి.

ఇంత చేసినా టార్పెడోకు తట్టుకునే ఓడ కాదు. 1943 ఆగస్టు 5 రాత్రి, ఉత్తర కరోలినాకు తూర్పున ఓడల కాన్వాయ్‌కి కాపలా కాస్తుండగా ప్లిమత్ సోనార్‌లో (నీటి కింది వస్తువులను ధ్వనితో పసిగట్టే పరికరం) ఏదో తగిలింది. అటు ఎడమకు తిరుగుతుండగానే జర్మన్ సబ్‌మెరైన్ యూ-566 వదిలిన టార్పెడో బ్రిడ్జికి (ఓడను నడిపించే గది) కాస్త వెనగ్గా, ఎడమ పక్కన పేలింది. రెండే నిమిషాల్లో ఓడ మునిగిపోయింది.

ఏ గస్తీ ఓడకైనా ఇంకో ప్రమాదం ఉంది: డెప్త్ చార్జీలు 'సేఫ్'లో (పేలకుండా ఉంచే అమరిక) లేకపోతే, ఓడతోపాటు దిగి, పెట్టిన లోతుకు చేరగానే పేలి, పైన ఈదుతున్న సొంత మనుషులనే చంపేస్తాయి.